రెండు చెవుల గిన్నె



పోయిన వేసవిలో ఎడింబరోలో మా పిన్ని కూతురి పెళ్ళి జరిగింది. అబ్బాయి స్కాట్లండ్ వాడు. పొద్దున మన పద్ధతిలో జీలకర్రా బెల్లం, తలంబ్రాలు. మధ్యాహ్నం వాళ్ళ పద్ధతిలో పెళ్ళి. అన్నీ కుదిరాక ఒక గిన్నె దగ్గర పేచీ వచ్చింది. "ఒకే గిన్నెలో విస్కీ పోసి అందరూ ఎంగిలి తాగుతారటరా! మీ బాబాయి ససేమిరా అంటున్నారు" అని రాత్రి పదకొండింటికి పిన్ని ఫోను.

నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని, పురోహితుణ్ణి కాను. కానీ ఎదుటివాళ్ళు అడిగేదేమిటో పూర్తిగా తెలుసుకోకుండా కుదరదనకూడదని మా వృత్తి నేర్పింది. అలా తెలుసుకున్నవే ఈ నాలుగు మాటలు.

ఆ గిన్నె పేరు క్వేఖ్. గేలిక్ భాషలో కప్పు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. అటూ ఇటూ రెండు పిడులుంటాయి. వాటిని అక్కడివాళ్ళు 'లగ్స్' అంటారు, అంటే చెవులు. పూర్వం చెక్కతో చేసేవారు. తర్వాత వెండివీ, ప్యూటర్ అనే తగరం మిశ్రమలోహంతో చేసినవీ వచ్చాయి. ఇంటికొచ్చిన అతిథికి స్వాగతం చెప్పడానికీ, వీడ్కోలు ఇవ్వడానికీ ఇందులో పానీయం ఇచ్చేవారు. రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. రెండు చేతులూ గిన్నె మీదుంటే కత్తి దూయడం కుదరదు కనుక అది నమ్మకానికి గుర్తని చెప్తారు.

పెళ్ళిలో వధూవరులు ఒకరికొకరు పట్టించి తాగుతారు. కొన్ని కుటుంబాల్లో తర్వాత పెద్దలకూ అందిస్తారు. ఇది ఆచారమే తప్ప చట్టం కాదు. స్కాట్లండ్‌లో 1977 నాటి వివాహ చట్టం ప్రకారం మామూలుగా కనీసం 29 రోజుల ముందు నోటీసు, ఇద్దరు సాక్షులు, పెళ్ళి ప్రమాణాలు, సంతకాలు ఉండాలి. గిన్నె లేకపోయినా పెళ్ళి చెల్లుతుంది. విస్కీయే పోయాలన్న నియమమూ లేదు. పళ్ళరసం పోసేవాళ్ళూ ఉన్నారు.

ఇక ఎంగిలి మాట. "పిన్నీ, మన బువ్వం బంతిలో పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ ఒకే విస్తట్లో తినరూ? అప్పుడు ఎంగిలని ఎవరైనా అన్నారా?" అన్నాను. ఫోనులో కాసేపు మాట లేదు. "అది వాళ్ళిద్దరికే కదరా" అంది చివరికి. ఆవిడ మాటలోనే దారి దొరికింది. తాగేది ఇద్దరే, పోసేది రెండు కుటుంబాలు.

అబ్బాయి వాళ్ళమ్మకి ఈ సంగతి చెబితే సంతోషంగా ఒప్పుకున్నారు. పెళ్ళి జరిపించే ఆవిడకి ముందే చెప్పి, ప్రమాణాలయ్యాక చోటు పెట్టించాం.

మీ ఇంట్లో ఇలాంటి పెళ్ళి ఉంటే రెండు జాగ్రత్తలు. గిన్నె వెడల్పు కనుక మూడో వంతుకి మించి పోయకండి, పట్టుచీర మీద ఒలుకుతుంది. పాత ప్యూటర్‌లో సీసం ఉండొచ్చు, కాబట్టి తాగడానికి కొత్తదే కొనండి.

ఆ రోజు పిన్ని కొబ్బరినీళ్ళు పోసింది, వియ్యపురాలు ఆపిల్ రసం కలిపింది. బాబాయి తాగలేదు. తాగమని ఎవరూ అడగలేదు కూడా. కానీ గిన్నె అల్లుడి చేతికి అందించింది ఆయనే, రెండు చేతులతో.

ఉంటాను, సెలవు.