వేడి చేసిందా, పురుగు చేరిందా?

ఏమే చిన్నీ, బడికి పట్టుకెళ్ళిన నీళ్ళ సీసా నిండుగానే తిరిగొచ్చిందేం? బాత్రూం తలుపుకి గడియ లేదనా? ఒంటేలుకెళితే మంటంటున్నావటగా. మీ నాయనమ్మ అప్పుడే ‘వేడి చేసింది’ అని తీర్పిచ్చేసి బార్లీ కాస్తోంది.

వేడీ కాదు, గీడీ కాదు. చాలామటుకు ఇది ఈ.కోలై అనే సూక్ష్మజీవి చేసే పని. 1885లో ఎషెరిక్ అనే జర్మన్ పిల్లల డాక్టరు పసివాళ్ళ మలంలో దీన్ని కనిపెట్టాడు. పేగుల్లో ఉన్నన్నాళ్ళూ చాలామటుకు బుద్ధిగానే కాపురం చేసుకుంటుంది. మూత్రం దారిలోకి జారిందా, ఏటికి ఎదురీదుతుంది. ఆడవాళ్ళకి ఆ దారి 4 సెంటీమీటర్లే, మగవాళ్ళకి 20 దాకా. అందుకే ఈ బాధ మీకెక్కువ. కడుక్కునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కి పోవాలని మీ అమ్మ పోరేదీ అందుకే.

ఆ సూక్ష్మజీవి ఒంటి నిండా నూగు. ఆ నూగు కొసలు మూత్రాశయం గోడని పట్టుకుంటే, ధార లాగినకొద్దీ ఉచ్చుముడిలా బిగుస్తాయి. ఇంకా పట్టు దొరకనివాటినే ధార ఊడ్చేస్తుంది. అన్నీ కుదిరితే 20 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. నువ్వు ఆరు గంటలు బిగపట్టావనుకో, ఒక్కటి 2,62,144 అవుతుంది! కాగితం మీది లెక్కేలే, ఒంట్లో అంత సాఫీగా సాగదు.

మూత్రాశయం నుంచి కిడ్నీకి పోయే గొట్టం ఆ సంచీ గోడలోంచి ఏటవాలుగా దూరుతుంది. సంచీ నిండినకొద్దీ అది నొక్కుకుని మూసుకుంటుంది, సైకిలు ట్యూబు వాల్వులాగా. రాళ్ళున్నా, షుగరున్నా, కడుపుతో ఉన్నా ఈ కాపలా సడలొచ్చు, లేదా పురుగుకి బలం పెరగొచ్చు. పైకి పాకిందా, వణుకుతో జ్వరం, వెనక డొక్కలో పోటు, వాంతులు. అప్పుడు బార్లీ పనికిరాదు. ఆ రోజే డాక్టరు చూడాలి, మూత్రం కల్చర్‌కి పంపాలి, యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులూ మింగాలి.

అయినా నాయనమ్మని మరీ తీసిపారెయ్యకు. తరచూ ఈ మంట వచ్చే 140 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్ష ఒకటి 2018లో అచ్చయింది. రోజుకి లీటరున్నర నీళ్ళు అదనంగా తాగినవాళ్ళకి ఏడాదిలో ఆ బాధ దాదాపు సగానికి తగ్గింది. మహిమ బార్లీది కాదు, అందులో పోసిన నీళ్ళది. ఆ మాట ఆవిడ దగ్గర అనకు.

చెప్పులేసుకో, డాక్టరమ్మ ఏడింటికల్లా వెళ్ళిపోతుంది. రేపు పొద్దున నీతో నేనూ బడికి వస్తాను. ఆ గడియేదో నేనే బిగించి వస్తా.