కుండీలోని కరివేప పాలిపోవుటకు హేతువు

పెరడులు తరిగి డాబాలు పెరిగిన యీ కాలమున కరివేపమొక్క కుండీలోనికి వచ్చి చేరినది. దాని లేతయాకులు పసుపువన్నె తిరిగి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో, ఎరువు చాలలేదని తలచి మరియొక పిడికెడు వేయు సోదరీమణులు పెక్కుమంది. నత్రజని లోపించినచో మొదట పాలిపోవునవి ముదురాకులు. లేతయాకులు పాలిపోవుట ఇనుము అందమికి గుర్తు. ఇనుము మంటిలో నుండవచ్చును. క్షారము హెచ్చినచో అది నీట కరుగక వేరునకు దక్కదు.

పసుపున సున్నము కలిపిన పారాణి యగుట మనమెరుగనిది కాదు. అది క్షారధర్మము. నిమ్మరసము పిండిన మరల పసుపువన్నె వచ్చుట ఆమ్లధర్మము. ఈ తారతమ్యమును అంకెలతో చెప్పు పి.హెచ్. అను కొలతను 1909లో డెన్మార్కు రసాయనశాస్త్రజ్ఞుడు సోరెన్సెన్ ఏర్పరచెను. 7 సమస్థితి; పైయంకెలు క్షారము, క్రిందివి ఆమ్లము; ఒక్కొక్క యంకెకు పదిరెట్లు భేదము. కుండీమొక్కలలో పెక్కింటికి 6 మొదలు 6.5 వరకు హితము. ఇంత సూక్ష్మమును పసుపు చెప్పజాలదు. రంగుమారు కాగితము కొనవలెను. ఒకపాలు మన్ను, రెండుపాలు వాననీరు కలిపి, తేరిన పిమ్మట అందు ముంచి చూడవలెను.

తెనాలి ప్రాంతపు నల్లరేగడి సాధారణముగ క్షారగుణము గలది, గాలి చొరనిది. దానినే కుండీనిండ నింపుట తగదు. బాపట్ల యిసుకనేలలో ఎరువు నిలువక నీటితో జారిపోవును గాన, కొంచెము కొంచెముగ పలుమారు పోయవలెను. నీట కరగు 19:19:19 ఎరువు లీటరునకు 1 గ్రాము చాలును. ముందు ఎరువు కరగించి, పిదప కాగితము చూచి, నిమ్మరసము చుక్కలుగా చేర్చవలెను; ఎరువు సయితము నీటి గుణమును మార్చును గదా. ఎన్ని చుక్కలనగా, పప్పులో పులుపువలె, నీటినిబట్టియే.

పాలిపోయిన మొక్కకు లీటరు నీట అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి చల్లపూట ఆకులపై చల్లుదురు. కూరలలో వాడునది గాన, పిమ్మట కొన్నాళ్లు కోయరాదు. కోసినపుడు బాగుగ కడుగవలెను.

రేపల్లె సంగతి వేరు. సముద్రము చేరువ యగుటచే అచ్చట పెక్కుచోట్ల బోరునీరు ఉప్పన. నిమ్మరసము క్షారమును విరుచును గాని ఉప్పును తీయజాలదు. ఆకుల కొసలు మాడుట, కుండీ యంచున తెల్లని పొర కట్టుట దీని చిహ్నములు. ఎరువును ఒకవిధమగు లవణమే. ఇట్టి మొక్కకు దానిని పోయుట దప్పిగొన్నవానికి ఉప్పునీరిచ్చుటయే. ఈ చిక్కు పైరులకును గలదు. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్లలోనే ఉప్పునీటి వినియోగముపై పరిశోధన జరుగుచున్నది. కుండీకి ఉపాయము సులభము: అడుగు రంధ్రము పూడకుండ చూచి, వాననీరు ధారాళముగ పోసి మన్ను కడుగవలెను.

త్రాగునీటిని శుద్ధిచేయు యంత్రము విడుచు నీటిని పారబోయ మనసొప్పక మొక్కలకు పోయు నలవాటు మా వీధిలోను గలదు. పొదుపు మెచ్చదగినదే. కాని యంత్రము మంచినీటినుండి తీసిన ఉప్పంతయు ఆ నీటిలోనే చేరును. దానితో నేల తుడువవచ్చును, గిన్నెలు తోమవచ్చును. కరివేపకు మాత్రము పోయవలదు.