ఈ ఇంటిదొంగను మనమే పట్టాలి!

తలుపులకు తాళాలేశాం. గేటు దగ్గర కాపలా పెట్టాం. అయినా దొంగ ఇంట్లోనే ఉన్నాడు... హాల్లో మూలనున్న కంప్యూటర్లో!

యాప్రాల్‌లో ఓ ఇల్లు అనుకుందాం. ఆయన సైన్యంలో పనిచేసి రిటైరయ్యారు. అబ్బాయికి సరిహద్దులో ఉద్యోగం. అమ్మాయి అమెరికాలో. సాయంత్రమైతే చాలు, భార్యాభర్తలిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలతో వీడియోకాల్‌లో మాట్లాడాల్సిందే. ఓరోజు ఆయన మెయిల్‌కి ఓ ఫైలొచ్చింది. 'పెన్షన్ బకాయిల వివరాలు' అని ఉంది. తెరిచారు. లోపల పనికొచ్చేదేమీ లేదు. 'ఎవరో పొరబాటున పంపినట్టున్నారు' అనుకుని మూసేశారు. వారం గడిచింది.

''ఏమండీ, అమ్మాయితో మాట్లాడటం అయిపోయిందిగా... కెమెరా దగ్గర ఆ లైటు ఇంకా వెలుగుతోందేంటి?''

''వైరేదో లూజై ఉంటుందిలే!''

అదీ సంగతి. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి ఆ హాల్లోకి తొంగిచూస్తున్నాడని వాళ్లకి తెలీదు.

ఇది ఊహే. కానీ ఇలాంటి దాడులు మాత్రం నిజం. దీనికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు రిమోట్ యాక్సెస్ ట్రోజన్. ముద్దుగా 'ర్యాట్'. పేరుకి తగ్గట్టు చిన్న కన్నం దొరికితే చాలు, ఎలుకలా దూరిపోతుంది. ఆపైన దాన్ని పంపినవాడు మన ఫైళ్లు చదవొచ్చు. మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ, అంటే పాస్‌వర్డుల్ని కూడా, నమోదు చేసుకోవచ్చు. కెమెరా, మైకు ఆన్ చేయొచ్చు.

యాప్రాల్‌కే ఎందుకు?

సికింద్రాబాద్ కంటోన్మెంటుకి దగ్గర్లో ఉన్న యాప్రాల్‌లో మాజీ సైనికుల కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. ఇలాంటి ఇళ్లలోని కంప్యూటర్లో పెళ్లి ఫొటోలతోపాటు యూనిఫామ్‌లో ఉన్న కొడుకు ఫొటోలుంటాయి. బదిలీ కబుర్లుంటాయి. పెన్షన్ కాగితాలుంటాయి.

వాటికోసం వలవేసేవాళ్లూ ఉన్నారు. 2016 మార్చిలో ప్రూఫ్‌పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ 'ఆపరేషన్ ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్' పేరుతో ఓ నివేదిక ఇచ్చింది. భారత దౌత్య, సైనిక వర్గాలవారికి ఎర మెయిళ్లు పంపి, 'క్రిమ్సన్ ర్యాట్'ను వాళ్ల కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నారన్నది దాని సారాంశం. 2020 మార్చిలో మరో సంస్థ మాల్‌వేర్‌బైట్స్ ఇంకో ఎత్తుగడ బయటపెట్టింది. ఈసారి ఎర... మన ప్రభుత్వం ఇచ్చినట్టుగా తయారుచేసిన కరోనా ఆరోగ్య సూచనల పత్రం! అందులోని మాక్రోలు పనిచేయడానికి అనుమతిస్తే అదే ర్యాట్ వచ్చి కూర్చునేది. ఈ పని చేస్తున్న ముఠాకి పాకిస్థాన్‌తో సంబంధాలున్నాయని నిపుణుల అనుమానం.

సైన్యంతో సంబంధం లేనివాళ్లు 'మనకేం భయం' అనుకోనక్కర్లేదు. 'బ్లాక్‌షేడ్స్' అనే ర్యాట్‌ని 40 డాలర్లకే ఎవరికి పడితే వాళ్లకి అమ్మేవారు. వందకి పైగా దేశాల్లో 5 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి అది చొరబడిందని 2014 మేలో అమెరికా అధికారులు ప్రకటించారు. 2013లో మిస్ టీన్ యూఎస్ఏగా ఎంపికైన అమ్మాయిని ఆమె గదిలోని కెమెరాతోనే రహస్యంగా ఫొటోలు తీసి బెదిరించాడో యువకుడు. ఎవరో పరాయివాడు కాదు, ఆమె చదివిన స్కూల్లోనే చదివినవాడు! 2014లో అతడికి 18 నెలల జైలుశిక్ష పడింది.

గుర్తుపట్టేదెలా?

* ఎవరూ వాడనప్పుడు కెమెరా లైటు వెలుగుతుంటే...

* మౌస్ బాణం తనంతట తనే కదులుతుంటే, కిటికీలు వాటంతటవే తెరుచుకుంటుంటే...

* యాంటీవైరస్‌ని మీరు ఆపకపోయినా ఆగిపోయి ఉంటే...

* మీరు పెట్టుకోని ప్రోగ్రాములు కనిపిస్తుంటే, మీ ఖాతాలోకి ఎవరో కొత్తచోటు నుంచి లాగిన్ అయ్యారని మెయిలొస్తే... అనుమానించాల్సిందే.

అలాగని కంప్యూటర్ నెమ్మదించిన ప్రతిసారీ కంగారుపడొద్దు. పాతదైనా నెమ్మదిస్తుంది. అదే సమయంలో, ఏ లక్షణమూ లేదని ధీమాగానూ ఉండొద్దు. తెలివైన ర్యాట్ చప్పుడు చేయదు. కొన్ని పాత ల్యాప్‌టాపుల్లో లైటు వెలగకుండానే కెమెరాని వాడొచ్చని పరిశోధకులు నిరూపించారు కూడా.

వెళ్లగొట్టేదెలా?

ఇక్కడ ముఖ్యమైంది వరస. చాలామంది చేసే తప్పు, అనుమానం రాగానే అదే కంప్యూటర్లో కూర్చుని పాస్‌వర్డులు మార్చేయడం. కొత్త తాళంచెవిని దొంగ కళ్లముందే తయారుచేయించుకోవడం లాంటిదది!

మొదట నెట్ తీసేయండి. కేబుల్ ఉంటే లాగేయండి, వైఫై ఆపేయండి. అంతటితో అవతలివాడి చెయ్యి తెగిపోయినట్టే.

తర్వాత ఇంట్లోని మరో ఫోనులోనో, కంప్యూటర్లోనో మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. మొదట మెయిల్‌దే మార్చాలి, మిగతావాటి తాళాలన్నీ దాని చేతిలోనే ఉంటాయి కాబట్టి. అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి.

డబ్బు పోయుంటే ఏ ఆలస్యమూ లేకుండా 1930కి ఫోన్ చేయండి. బెదిరింపులు వస్తుంటే పోలీసులకు చెప్పండి. ఈ రెండు సందర్భాల్లోనూ కంప్యూటర్లో దేన్నీ చెరిపేయొద్దు. అవి సాక్ష్యాలు.

ఇప్పుడు దొంగను వెతుకుదాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్' విభాగం చూడండి. కంప్యూటర్‌తోపాటే నిద్రలేచే ప్రోగ్రాముల జాబితా అది. కొత్త పేరుందా? తెలిసినవాళ్లని అడగండి. తెలియనివన్నీ దొంగలే అనుకుని తీసేయొద్దు.

ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' కింద 'స్కాన్ ఆప్షన్స్' తెరవండి. 'మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్' ఎంచుకోండి. కంప్యూటర్ ఆగి, విండోస్ మేలుకోకముందే తనిఖీ జరుగుతుంది. దొంగ ఇంకా నిద్రలో ఉండగానే ఇల్లు సోదా చేసినట్టన్నమాట! సుమారు పావుగంట పని.

అయినా మనసు కుదుటపడలేదా? ఫొటోలు, కాగితాలు మాత్రం వేరే డిస్కులోకి ఎక్కించుకుని, విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేయించండి. ప్రోగ్రాములు పాతవి దాచుకోవద్దు. అన్నిటికన్నా నమ్మకమైన మార్గం ఇదే.

మళ్లీ రాకుండా...

ర్యాట్ చాలాసార్లు తలుపు బద్దలుకొట్టుకుని రాదు. మనమే తెరుస్తాం. అడగని ఫైలొస్తే పంపినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కున్నాకే తెరవండి. డాక్యుమెంట్ తెరవగానే 'ఎనేబుల్' అని అడిగితే నొక్కొద్దు. ఉచితమంటూ దొరికే దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. 'కంప్యూటర్ బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి' అని ఫోన్ చేసేవాళ్లకి మర్యాదగా నమస్కారం పెట్టేయండి. ఎనీడెస్క్ లాంటి మంచి యాప్‌లనే మోసగాళ్లు అలా వాడుకుంటున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇంకోమాట... విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీది ఇంకా అదే అయితే ఏం చేయాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కెమెరాకి చిన్న స్టిక్కరు అంటించండి. ఖర్చు లేదు, అడ్డు మాత్రం గట్టిది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ దొంగ విషయంలో మాత్రం అంత నిరాశ అక్కర్లేదు. 'ఆ లైటేంటి' అని అడిగిన ఇల్లాలిది సరైన అనుమానం. 'వైరు లూజై ఉంటుందిలే' అనకుండా లేచివెళ్లి నెట్ తీసేస్తే చాలు... సగం దొంగ దొరికినట్టే!