‘సామర్థ్య నిర్మాణం’ అనే మాట గురించి

మాటలతో పనిచేసేవాళ్ళం గనుక మాట వెనుక ఏమున్నదో చూడక తప్పదు. విదేశీ సైనిక సహాయం గురించి ఎవరు రాసినా ‘సామర్థ్య నిర్మాణం’ అంటున్నారు. వినడానికి బడి కట్టినట్టో, బావి తవ్వినట్టో ఉంటుంది. అసలు కట్టినదేమిటో తెలుసుకోవడానికి పశ్చిమాఫ్రికాలోని మాలీని తీసుకుంటాను.

1960లో ఫ్రాన్సు నుంచి స్వతంత్రమైన దేశమది. ఉత్తరాన సహారా ఎడారిలో తువారెగ్ జాతి. అధికారమంతా దక్షిణాన ఉన్న రాజధాని బమాకోలో. తువారెగ్‌ల తిరుగుబాట్లు 1960ల నుంచీ ఉన్నవే. ఈ పాత పుండును అలాగే ఉంచి, 2002లో అమెరికా మాలీకీ దాని పొరుగు దేశాలకూ ఉగ్రవాద వ్యతిరేక శిక్షణ పథకం ప్రకటించింది. గురి చూసి కాల్చడం, ఎడారిలో గస్తీ తిరగడం నేర్పారు. వాహనాలు, రేడియోలు ఇచ్చారు.

2012 జనవరిలో తువారెగ్‌లు మళ్ళీ తిరగబడ్డారు. గడాఫీ పతనం తర్వాత లిబియా నుంచి ఆయుధాలతో వచ్చినవారు వారికి తోడయ్యారు. అమెరికా శిక్షణ పొందిన దళాలలోని తువారెగ్ అధికారులు కొందరు సైనికులతో, తుపాకులతో సహా అటువైపు వెళ్ళిపోయారు. ఫిబ్రవరిలో సైనికుల భార్యలు వీధికెక్కారు: మా మగవాళ్ళను సరైన ఆయుధాలు లేకుండా చావుకు పంపుతున్నారని. పదేళ్ళ సహాయం తర్వాత ఈ మాట! నా దృష్టిలో ఏ నిపుణుడి నివేదికకన్నా వాళ్ళ ఊరేగింపే ఆ సైన్యానికి సరైన విమర్శ. మార్చిలో కెప్టెన్ సనోగో ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఆయనా అమెరికాలో శిక్షణ పొందినవాడే.

మరుసటి ఏడాది అమెరికా ఆఫ్రికా సైనిక విభాగాధిపతి జనరల్ హామ్, యుద్ధ మెళకువల మీదే దృష్టి పెట్టాం, సైనిక విలువల మీద చాలినంత పెట్టలేదని ఒప్పుకున్నాడు. ఇది సగం నిజమే. విలువలు ఉపన్యాసాలతో రావు. తన పాలకులు తనకే జవాబు చెప్పని సైనికుడు పల్లె జనానికి ఎందుకు జవాబు చెబుతాడు?

2013లో ఫ్రెంచి సేనలు దిగాయి. యూరపు వాళ్ళూ శిక్షణకు వచ్చారు, 2024 దాకా ఉన్నారు. 2020లో ఒకటి, 2021లో మరొకటి సైనిక కుట్ర. ఫ్రెంచివాళ్ళు 2022లో వెళ్ళేలోపే రష్యా కిరాయి సైన్యం వాగ్నర్ వచ్చింది. గురువు మారాడు, పాఠం మారలేదు.

2022 మార్చి చివర మాలీ సైన్యం, దానితో ఉన్న విదేశీ సైనికులు మౌరా అనే పల్లెను చుట్టుముట్టారు. 203 మంది ఉగ్రవాదులను హతమార్చామని సైన్యం ప్రకటించింది. 2023 మేలో వెలువడిన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నివేదిక లెక్కలో మృతులు కనీసం 500. అందులో సుమారు 20 మంది స్త్రీలు, ఏడుగురు పిల్లలు.