కలుపు కాదు, కలిమి: పులికాట్ పరీవాహక చెరువుల చిరు చేపలు

ఆఫ్రికాలోని జాంబెజీ, ఒకవాంగో నదుల వరద మైదానాలలో వేలు పొడవు మించని చేపలు గుంపులు గుంపులుగా సంచరిస్తాయి. ఎంటెరోమియస్, బ్రైసినస్ ప్రజాతులకు చెందిన ఈ చేపలు వరద నీటితో పాటు పచ్చిక బయళ్లలోకి చేరి గుడ్లు పెడతాయి. నీరు తీసే వేళకు వాటి పిల్లలు తిరిగి నదిని చేరుకుంటాయి. వరద విస్తృతంగా, ఎక్కువ కాలం నిలిచిన ఏడాది తరువాత చేపల రాబడి పెరగడం అక్కడి మత్స్యకారులకు అనుభవమే. నదీ జీవరాశి ఉత్పాదకతకు ఏటేటా వచ్చే వరదే ప్రధాన చోదకమని 1989లో జంక్, బేలీ, స్పార్క్స్ ప్రతిపాదించిన వరద స్పందన సిద్ధాంతం ఈ అనుభవానికి శాస్త్రీయ రూపం ఇచ్చింది.

పులికాట్ పరిసరాలలో

ఈ సూత్రం సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాలకూ వర్తిస్తుంది. పులికాట్ ఉప్పునీటి సరస్సు. అయితే ఈశాన్య రుతుపవనాల కాలంలో కాళంగి వంటి నదులు, వాగులు తెచ్చే మంచినీటితో దాని లవణీయత తగ్గుతుంది. వేసవిలో తిరిగి పెరుగుతుంది. ఈ పరీవాహకంలోని వర్షాధార చెరువులే మంచినీటి చిరు చేపలకు ఆశ్రయం. చెరువు నిండి కలుజు పారేటప్పుడు పరిగెలు నీటికి ఎదురీదుతూ పైకి ఎగబాకుతాయి. లోతు తక్కువ గల గడ్డి అంచులలో గుడ్లు పెడతాయి. పుంటియస్ సోఫోర్ వంటి పరిగెలు, మోలా చేపలు పది సెంటీమీటర్లకు మించి పెరగడం అరుదు. వీటికి ఎవరూ విత్తనం కొని వదలనక్కరలేదు.

1976లో ఏర్పడిన నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడు కట్టే నీటికాకులు, రాత్రి కొంగలు తమ పిల్లలను పోషించేందుకు చుట్టుపక్కల చెరువులలోని చేపలపైనే ఎక్కువగా ఆధారపడతాయి.

కలుపు అనే ముద్ర

చేపల పెంపకపు సిఫారసులలో ఈ చిరు చేపలను ‘కలుపు చేపలు’ అంటారు. కార్పు పిల్లలను వదిలే ముందు వీటిని నిర్మూలించేందుకు, ఒక హెక్టారు విస్తీర్ణం, మీటరు లోతు గల చెరువుకు 2,500 కిలోల ఇప్ప చెక్క వేయాలని సూచిస్తారు. అందులోని సాపోనిన్ చేపలను చంపుతుంది. రెండు మూడు వారాలకు విషప్రభావం పోయి ఇప్ప చెక్క సేంద్రియ ఎరువుగా మారుతుంది. నర్సరీ కుంటలలో ఈ చర్య సమంజసమే. నాలుగైదు రోజుల వయసు గల చేప పిల్లలు సూక్ష్మ జీవుల ఆహారం కోసం పరిగెలతో పోటీ పడలేవు. అయితే వేలెడంత పెరిగిన పిల్లలను వదిలే ఊరి చెరువుకు కూడా ఇదే సిఫారసును యథాతథంగా వర్తింపజేయడం పునరాలోచించవలసిన విషయం. బంగ్లాదేశ్‌లో కార్పులతో మోలాను కలిపి పెంచిన చెరువులలో మొత్తం దిగుబడి చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

పోషక విలువలు

మోలాలో విటమిన్ ‘ఎ’ అత్యధికం. 100 గ్రాముల పచ్చి చేపలో ఇది 2,500 మైక్రోగ్రాములకు మించి ఉన్నట్లు విశ్లేషణలు తెలిపాయి. అందులో అధిక భాగం కళ్లలోను, పొట్ట భాగాలలోను ఉంటుంది. తల తీసి, పొట్ట శుభ్రం చేసి వండితే ఆ ప్రయోజనం చాలావరకు పోతుంది. పరిగెలలో ఈ విటమిన్ తక్కువ. కాని ముల్లుతో సహా తినడం వల్ల కాల్షియం లభిస్తుంది. కార్పు చేపలో ముల్లు కంచంలోనే మిగిలిపోతుంది. కార్పులను కోసి అమ్మగా వచ్చిన సొమ్ము చెరువును పాడిన వారికి చేరుతుంది. వలకు చిక్కిన గుప్పెడు పరిగెలు కూలి కుటుంబపు పులుసులోకి చేరతాయి. చెరువులో చిరు చేప అంతరిస్తే ముందుగా నష్టపోయేది ఆ కుటుంబమే.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• నిర్మూలన సిఫారసును నర్సరీ, రేరింగ్ కుంటలకే పరిమితం చేయాలి. ఊరి చెరువులలో పెద్ద సైజు చేప పిల్లలను వదలమని ప్రోత్సహించాలి.
• కలుజు పారే తొలి రోజులలో అడ్డువలలు, మావులు కట్టకుండా గ్రామస్థులకు అవగాహన కలిగించాలి. గుడ్లతో ఎదురీదే చేపను ఆ కొద్ది రోజులు వదిలితే చాలు.
• వేసవిలో చెరువును పూర్తిగా తోడి పట్టకుండా, లోతైన చోట కొంత నీటిని తల్లి చేపల కోసం మిగల్చాలి.
• దిగుబడి నమోదులో కార్పులతో పాటు చిరు చేపల బరువును కూడా విడిగా రాయాలి. లెక్కలోకి రాని పంటకు రక్షణ కూడా దొరకదు.