గొర్రె తుమ్మిందా.. మీకు పనుంది!

కుందేలు మెడ మీది రంధ్రంలోంచి లావుపాటి పురుగును లాగే వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అది కటెరెబ్రా అనే ఈగ పిల్ల. కుందేళ్లు, ఎలుకలు తిరిగే దారుల్లో ఈగ గుడ్లు పెడుతుంది. పురుగు ముక్కు, నోటి గుండా లోపలికెళ్లి చర్మం కింద చేరి, ఊపిరికి రంధ్రం చేసుకుంటుంది. పిండితే లోపలే చితికి మరింత ప్రమాదం. అయితే అది అమెరికా ఖండాల ఈగ, కరీంనగర్‌లో ఉండదు. దాని చుట్టం మాత్రం ఉంది.

మా మామయ్యది జగిత్యాల దగ్గర పల్లె. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు తీసుకున్నాడు. ఓ ఏడాది మందలో ఒకటే తుమ్ములు, చీమిడి. కొన్నయితే తల ఊపుతూ తూలేవి. ఊళ్లో సూదులేసే ఒకాయన ‘తల తిరుగుడు రోగం, ఇగ బతకయ్, అమ్ముకో’ అన్నాడు. మామయ్య రెండిటిని అగ్గువకు అమ్మేశాడు కూడా. తర్వాత పశువుల డాక్టర్ చూసి, ముక్కులో ఈగ పురుగులని తేల్చారు.

దాని పేరు ఈస్ట్రస్ ఓవిస్. ఇంజినీరింగ్ చదివినోణ్ని, ఆ రాత్రంతా దీని గురించే చదివా. ఈ ఈగ గుడ్లు పెట్టదు, ఎగురుతూనే బతికున్న పిల్లల్ని గొర్రె, మేక ముక్కు మీద వదిలేస్తుంది. అవి నుదుటి ఎముకల ఖాళీల్లోకి పాకి 2, 3 సెంటీమీటర్లు పెరిగి, తుమ్ముతో నేలమీద పడి ఈగలవుతాయి. ఆ ఈగకు తినే నోరే ఉండదు! ఒక్కోసారి కాపరి కంట్లోనూ పిల్లల్ని వదులుతుంది. అసలు తల తిరుగుడు రోగం వేరు, కుక్కల బద్దెపురుగు వల్ల మెదడులో నీటితిత్తి వస్తుంది. ముక్కు పురుగులకైతే ఐవర్‌మెక్టిన్ ఉంది. మోతాదు డాక్టరే చెప్పాలి, మందేశాక మాంసానికి అమ్మాలంటే కొన్ని రోజులు ఆగాలి.

ఈ తేడా తెలిసిన మనిషి ఊళ్లో లేకపోవడమే మామయ్య నష్టం. అక్కడే మీకు చోటుంది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఇంటర్ బైపీసీ అయితే చెప్పండి: కోరుట్లలోనే వెటర్నరీ కాలేజీ ఉంది, నీట్ ర్యాంకుతో బీవీఎస్సీ, ఐదున్నరేళ్లు. మీది బీటెక్కా? పశువుల చెవి ట్యాగులకు 12 అంకెల నంబరుంది, భారత్ పశుధన్‌లో రికార్డులున్నాయి. కరీంనగర్ గొర్రెల కాపరికీ, ఆదిలాబాద్ మేకల రైతుకూ తెలుగులో పనికొచ్చే యాప్ ఆలోచించండి. ఇంకో ఫుడ్ డెలివరీ యాప్ కంటే నయమని నా లెక్క. కుందేళ్ల ఫారం పెట్టేవాళ్లు మాత్రం బోను తడి లేకుండా చూసుకోండి. మలమంటిన బొచ్చు మీద ఈగ గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పడతాయి.

మొన్న మామయ్య ఫోన్ చేశాడు. గొర్రెలన్నీ మూతులు నేలకానించి గుంపుగా నిలబడ్డాయట. ‘ఈగొచ్చినట్టుంది రా, 1962కి చేసిన’ అన్నాడు.