కొత్త తినేదాకా... మామిడి ముట్టరు!

మార్చి వచ్చిందంటే మనిళ్లలో మామిడికాయ పప్పు ఘుమఘుమలు మొదలు. అరకు కొండల్లో మాత్రం పెరట్లో చెట్టు విరగకాసినా సంప్రదాయం పాటించే ఇంట్లో ఒక్క పిందె కూడా కోయరు. ఎందుకంటే... ఊళ్లో ఇంకా 'కొత్త' కాలేదు!

కొత్త అంటే పండగ. చేతికొచ్చిన పంటను ముందు ఊరి దేవతకు పెట్టి, పోయిన పెద్దలను తలచుకుని, ఆ తర్వాతే నోట పెట్టుకోవడం అక్కడి గిరిజన కుటుంబాల ఆచారం. కొర్రలకు కొర్రకొత్త, కందులకు కందికొత్త, ఎండలు ముదిరేవేళ మామిడికొత్త. తేదీ ఏ క్యాలెండర్లోనూ ఉండదు. దిసారి మంచిరోజు చూసి చెప్పాలి. లేతకాయ పాడుచేయకుండా ఆపడం ఇందులో ఓ లెక్క అనిపిస్తుంది. ఉన్నవాడూ లేనివాడూ ఒకేరోజు తినడం అంతకన్నా పెద్ద లెక్క. కాఫీకి మాత్రం ఈ మర్యాద దక్కలేదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా అమ్ముకునే పంట మరి!

చైత్రంలో ఇటికల పండగ సందడే వేరు. విత్తనాలకు పూజ చేస్తారు. మగవాళ్లు వేటకని అడవికి వెళ్తారు. ఆడవాళ్లేమో రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, పాటలు పాడుతూ బండ్లు ఆపి 'పజోరు' వసూలు చేస్తారు. ఆ రోజుల్లో అటు వెళ్తే చిల్లర దగ్గరుంచుకోండి. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగాళ్లకు పేడనీళ్ల స్వాగతం తప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పేడనీళ్లకు మాత్రం ఏ చట్టమూ అడ్డురాదు!

అసలు చిక్కు ఇంట్లోనే. పిల్లలు ఆశ్రమ పాఠశాలలో, పెద్దవాడు విశాఖలో ఉద్యోగంలో ఉన్న ఇంటిని ఊహించుకోండి. హాస్టల్లో మామిడికాయ పప్పు వడ్డిస్తే పిల్ల తినాలా, మానాలా? అవ్వ మానమంటుంది. ఆకలితో ఉంటుందే అని అమ్మ బాధ. 'ఊరి పొలిమేర దాటాక పట్టింపు లేదులే' అని నాన్న సర్దిచెబుతాడు. పిల్ల తినేసినా ఆ మాట అవ్వ చెవిన పడనివ్వరు. కొత్త రోజున మాత్రం అందరూ ఒకేచోట కూర్చుని తినాలన్నది అవ్వ పంతం. చోడి అంబలి తాగి, చీకటి పడ్డాక థింసాలో ఒకరి నడుము మీదుగా ఒకరు చేతులు వేసి అడుగు కలపాలంటే మనుషులు ఉండాలి కదా!

అందుకే దిసారి చెప్పిన రోజు ఇప్పుడు ముందుగా సెల్‌ఫోన్లో విశాఖకు చేరుతుంది. అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే... ఆదివారం పడిందా?